సిస్టమ్ స్లో అయితే తప్పు యాంటీవైరస్‌దేనా?

ఆదివారం ఉదయం. వారం రోజులుగా ఎవరూ ముట్టని సిస్టమ్‌ను ఆన్ చేస్తారు. హాల్ టికెట్ డౌన్‌లోడ్ చేసి ప్రింట్ తీయాలి, పది నిమిషాల పని. డెస్క్‌టాప్ అయితే కనిపించింది గానీ, బ్రౌజర్ మీద డబుల్ క్లిక్ చేస్తే ఉలుకూ లేదు పలుకూ లేదు. సీపీయూ డబ్బాలోంచి గరగరమని హార్డ్ డిస్క్ చప్పుడు. కాస్త తెలిసినవాళ్లు ఎవరైనా కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరుస్తారు. డిస్క్ అన్న గడిలో 100 శాతం. దాని కింద వరుసలో మొట్టమొదటి పేరు 'యాంటీమాల్‌వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్', అంటే విండోస్‌తో పాటే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్. ఇంకేముంది, దొంగ దొరికాడు. "ఆ యాంటీవైరస్ తీసేయండి, సిస్టమ్ ఫాస్ట్ అవుతుంది" అన్న సలహా ఇలాంటి ఉదయాల్లోంచే పుట్టింది.

ఆ సలహాలో సగం నిజం ఉంది. యాంటీవైరస్ కంప్యూటర్ వేగంలో కొంత తీసుకుంటుంది, ఏ కంపెనీది అయినా సరే. అయితే ఆ భారం రోజంతా సమానంగా పరుచుకొని ఉండదు. కొన్ని పనుల దగ్గర, కొన్ని సమయాల్లో ఒక్కసారిగా మీద పడుతుంది. అది ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) మీద పడితే మనకు తెలియను కూడా తెలియదు. పాత హార్డ్ డిస్క్ మీద పడితే మెషిన్ చతికిలబడుతుంది. అందుకే ఒకే యాంటీవైరస్ గురించి ఒకాయన "ఉన్నట్టే తెలియదండీ" అంటే, పక్కింటాయన "దాంతో వేగలేక తీసేశా" అంటాడు. ఇద్దరూ చెప్పేది నిజమే.

ఇదెలా జరుగుతుందో అర్థం కావాలంటే ఒక ఫైల్ తెరిచినప్పుడు లోపల ఏమవుతుందో దగ్గర నుంచి చూడాలి. వర్డ్ ఫైల్ మీద డబుల్ క్లిక్ చేశారనుకోండి. 'ఈ ఫైల్ ఇవ్వు' అని వర్డ్ విండోస్‌ను అడుగుతుంది. ఆ అడగడానికీ ఇవ్వడానికీ మధ్య దారిలో యాంటీవైరస్ తాలూకు డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రామ్ ఒకటి కూర్చొని ఉంటుంది. అది ఆ అభ్యర్థనను పట్టి ఆపుతుంది. ఈ ఫైల్‌ను ఇంతకుముందు చూశామా, చూశాక ఇది మారిందా అని తన దగ్గరున్న చిట్టా తిరగేస్తుంది. చూసిందే, మారలేదు అంటే వెంటనే వదిలేస్తుంది. కొత్తదైతే ఫైల్‌ను చదివి, తెలిసిన మాల్‌వేర్ (వైరస్ లాంటి హానికర ప్రోగ్రాముల) ఆనవాళ్లతో పోల్చి, అనుమానం లేకపోతే అప్పుడు వర్డ్ చేతికి ఇస్తుంది. ఇదే రియల్ టైమ్ ప్రొటెక్షన్. ఫొటో, పాట, బ్రౌజర్ దాచుకునే చిన్న చిన్న ముక్కలు, అన్నీ ఈ దారిలోంచే వెళ్లాలి.

ఈ వర్ణనలో అసలు కీలకం ఆ చిట్టాలో ఉంది. మొదటిసారి తెరిచినప్పుడు పట్టే సమయం వేరు, రెండోసారి పట్టే సమయం వేరు. యాంటీవైరస్‌ల వేగాన్ని కొలిచే ఆస్ట్రియా సంస్థ ఏవీ-కంపారిటివ్స్ తన పరీక్షల్లో మొదటి పరుగును, తర్వాతి పరుగులను విడివిడిగా లెక్కించేది ఇందుకే. ఆ సంస్థ గానీ, జర్మనీలోని ఏవీ-టెస్ట్ గానీ 'కంప్యూటర్ ఎంత స్లో అయింది' అని గంపగుత్తగా కొలవవు. ఫైళ్లు కాపీ చేయడం, ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ చేయడం, తెరవడం, నెట్ నుంచి డౌన్‌లోడ్ చేయడం, వెబ్‌సైట్ తెరవడం, ఇలా పనుల వారీగా కొలుస్తాయి. ఒక పనిలో చురుగ్గా ఉన్న యాంటీవైరస్ మరో పనిలో వెనకబడటం ఈ పట్టికల్లో మామూలే. అందువల్ల 'ఫలానాది తేలిక, ఫలానాది బరువు' అనే మాటకు, ఏ పనిలో అని చెప్పకపోతే, పెద్దగా విలువ లేదు.

కొత్త ఫైళ్లు కుప్పలుగా వచ్చిపడే పనుల్లో భారం నిజంగానే కనిపిస్తుంది. పెళ్లి ఫొటోలు ఉదాహరణగా తీసుకుందాం. ఫొటోగ్రాఫర్ ఇచ్చిన పెన్ డ్రైవ్‌లో 4,000 ఫొటోలు, 4 జీబీల వీడియో ఒకటి ఉన్నాయి. వీడియో ఒక్క ఫైల్, తనిఖీ ఒక్కసారి. ఫొటోలకు నాలుగు వేల తనిఖీలు. ఒక్కో ఫొటో దగ్గర 3 మిల్లీసెకన్లు ఆగిందనుకున్నా మొత్తం 12 సెకన్లు అదనం. జిప్ ఫైల్ విప్పడం, పెద్ద సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేయడం, ప్రోగ్రామర్లు కోడ్ కంపైల్ చేయడం, అన్నీ ఈ కోవలోవే. కోడ్ రాసేవాళ్ల ఫిర్యాదు ఎంత సహేతుకమంటే, 2023లో మైక్రోసాఫ్టే విండోస్ 11లో డెవ్ డ్రైవ్ అనే ప్రత్యేక విభాగాన్ని తెచ్చింది. అక్కడ డిఫెండర్ ఫైల్‌ను ముందు తెరవనిచ్చి, తనిఖీ ఆ వెంటనే చేస్తుంది. ఆగి చూడటానికి ఖరీదు ఉందని తయారీదారే ఒప్పుకున్నట్టు లెక్క.

నెట్ నుంచి తెచ్చిన, ఇంతవరకూ ఎవరికీ పెద్దగా తెలియని ప్రోగ్రామ్‌ను తెరిచినప్పుడు కూడా ఒక ఆగడం ఉంటుంది. దాని వివరం డిఫెండర్ మైక్రోసాఫ్ట్ సర్వర్‌కు పంపి జవాబు కోసం చూస్తుంది. డిఫాల్ట్‌గా ఈ నిరీక్షణ 10 సెకన్ల దాకా ఉండొచ్చు. క్లిక్ చేసిన ప్రోగ్రామ్ ఎంతకీ తెరుచుకోకపోతే స్టక్ అయిందనుకొని మళ్లీ మళ్లీ క్లిక్ చేస్తారు, అది కాస్తా నాలుగు కిటికీలై తెరుచుకుంటుంది. ఆ పది సెకన్లు స్లో కావడం కింద జమకట్టదగినవి కావు. కొత్తవాణ్ని గుమ్మం దగ్గర ఎవరని అడగడం లాంటిది అది.

ఇక టైప్ చేయడం, సినిమా చూడటం, యూట్యూబ్, పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో డీటీపీ పని, ట్యాలీలో లెక్కలు రాసుకోవడం: వీటిలో ఒకసారి ప్రోగ్రామ్ తెరుచుకున్నాక యాంటీవైరస్‌కు పెద్దగా పని ఉండదు. ఆ వేళ సిస్టమ్ నత్తనడక నడుస్తుంటే కారణం వేరే చోట వెతకాలి.

ఇప్పుడు ఆదివారం ఉదయం దగ్గరికి తిరిగి వద్దాం. ఎందుకంటే మన ఇళ్లలో యాంటీవైరస్‌కు చెడ్డపేరు తెచ్చేది ముఖ్యంగా అదే.

విండోస్‌కు రోజువారీ ఇంటిపనులు కొన్ని ఉంటాయి. అప్‌డేట్లు చూసుకోవడం, డిస్క్ సర్దుకోవడం, యాంటీవైరస్ తనిఖీ వగైరా. ఆటోమేటిక్ మెయింటెనెన్స్ పేరుతో వీటికి డిఫాల్ట్‌గా పెట్టిన సమయం తెల్లవారుజామున 2 గంటలు. కంప్యూటర్ ఆన్‌లో ఉండి, ఖాళీగా ఉన్నప్పుడు చేసుకోవాలని ఏర్పాటు. రాత్రంతా ఆన్‌లో ఉండే మెషిన్‌కు ఇది చక్కగా సరిపోతుంది. మన ఇళ్లలో ఆ వేళకు కంప్యూటర్ షట్‌డౌన్ అయి ఉంటుంది, గోడ మీద స్విచ్ కూడా ఆపేసి ఉంటుంది. చేయని పని పోదు, పేరుకుంటుంది. వారానికోసారి ఆన్ చేసే సిస్టమ్‌కు ఏడు రోజుల బాకీ ఉంటుంది. ఆన్ చేసిన మరుక్షణం విండోస్ అప్‌డేట్ లేస్తుంది, వైరస్ నిర్వచనాల (వైరస్‌లను గుర్తుపట్టే ఆనవాళ్ల) కొత్త మూట దిగుతుంది, బ్రౌజర్ తనను తాను అప్‌డేట్ చేసుకుంటుంది, తప్పిపోయిన స్కాన్ అవకాశం కోసం కాచుకొని ఉంటుంది. సరిగ్గా అప్పుడే మనం కూడా హాల్ టికెట్ కోసం కూర్చుంటాం.

ఇందులో ఇంకో చిక్కు ఉంది, దీన్ని చాలామంది గమనించరు. అప్‌డేట్ వేల కొద్దీ ఫైళ్లను విప్పి డిస్క్ మీద రాస్తుంటే, రాసిన ప్రతి కొత్త ఫైల్‌నూ యాంటీవైరస్ చూడాలి కదా. అంటే పని పుట్టించింది అప్‌డేట్, టాస్క్ మేనేజర్‌లో పైన కనిపించేది యాంటీవైరస్. అక్కడ దాని పేరు మొదటి వరుసలో ఉన్నంత మాత్రాన అదే నేరస్థుడని తేల్చలేం. దాని చేత అంత పని చేయిస్తున్నది ఎవరన్నది రెండు మూడు వరుసలు కిందికి చూస్తే తరచూ దొరుకుతుంది.

ఈ బాకీ మొత్తం తీర్చాల్సింది డిస్క్. పాత ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా ఉండేది నిమిషానికి 5,400 చుట్లు తిరిగే హార్డ్ డిస్క్. ఒక చుట్టుకు 11 మిల్లీసెకన్లు. కావలసిన చోటు చదివే తల కిందికి రావడానికి సగటున అందులో సగం పడుతుంది. తల ఒక గాడి నుంచి ఇంకో గాడికి జరగడానికి మరో పది పన్నెండు. అన్నీ కలిపి ఒక్కో చిన్న ముక్కకు 17 మిల్లీసెకన్ల చుట్టూ. అంటే అక్కడో ముక్క ఇక్కడో ముక్క చదవాల్సి వస్తే సెకనుకు 60 ముక్కలకు మించి అందించలేదు. బ్రౌజర్ తెరుచుకోవడానికి ఇలాంటి వెయ్యి ముక్కలు కావాలనుకుంటే ఒక్కదానికే 17 సెకన్లు. అదే సమయంలో అప్‌డేట్, యాంటీవైరస్ కూడా వరుసలో నిలబడి ముగ్గురూ సమానంగా పంచుకుంటే 50 సెకన్లు. గరగరమని వినిపించే చప్పుడు ఆ తల మూడు పనుల మధ్య అటూ ఇటూ పరుగెత్తుతున్న చప్పుడే.

ఎస్ఎస్‌డీలో తిరిగేదీ లేదు, జరిగేదీ లేదు. మామూలు సాటా ఎస్ఎస్‌డీ కూడా సెకనుకు పదుల వేల ముక్కలు అందిస్తుంది. అవే మూడు పనులు, అదే యాంటీవైరస్, అదే ఆదివారం, కానీ బ్రౌజర్ సెకన్లలో తెరుచుకుంటుంది. యాంటీవైరస్ బరువు తగ్గలేదు, మోసే భుజం మారింది.

డిఫెండర్ షెడ్యూల్ స్కాన్‌కు సీపీయూలో, అంటే ప్రాసెసర్ శక్తిలో, సగటున 50 శాతం దాటకుండా చూసుకొమ్మనే అమరిక డిఫాల్ట్‌గా ఉంది. కావాలంటే దాన్ని ఇంకా తగ్గించుకోవచ్చు. ఈ చిట్కా నెట్‌లో విరివిగా కనిపిస్తుంది. అయితే ఆ పగ్గం సీపీయూకు వేసింది. హార్డ్ డిస్క్ మెషిన్‌లో సీపీయూ 20 శాతం దగ్గర ఆడుతుండగానే డిస్క్ 100 తాకి కూర్చుంటుంది. అలాంటి చోట ఈ అమరికతో ఒరిగేది తక్కువ.

ర్యామ్ సంగతి త్వరగా చెప్పేయవచ్చు. 8 జీబీలు, అంతకు మించి ఉన్న సిస్టమ్‌లో యాంటీవైరస్ వాడుకునే రెండు మూడు వందల ఎంబీలు లెక్కలోకి రావు. 4 జీబీల సిస్టమ్‌లో మాత్రం విండోస్, నాలుగు ట్యాబుల బ్రౌజర్ కలిసి అప్పటికే నిండుకుండ చేసి ఉంటాయి. ఆ పైన చోటు చాలక, ర్యామ్‌లో ఉండాల్సినవి డిస్క్ మీదికి దిగుతాయి. కథ మళ్లీ ఆ హార్డ్ డిస్క్ దగ్గరికే చేరుతుంది.

యాంటీవైరస్ అంటేనే సిస్టమ్‌ను తినేసేది అన్న అభిప్రాయం గాల్లోంచి ఊడిపడలేదు. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో 128, 256 ఎంబీల ర్యామ్ ఉన్న మెషిన్ల మీద యాంటీవైరస్‌తో పాటు ఫైర్‌వాల్, స్పామ్ వడపోత, టూల్‌బార్ అన్నీ కలిపి కట్టిన సూట్లు దించేవారు. అవి నిజంగానే బరువుగా ఉండేవి. ఆ ఫిర్యాదులు ఎంత గట్టిగా వినిపించాయంటే, నార్టన్ 2009 వెర్షన్‌ను వేగమే ప్రధాన లక్ష్యంగా మళ్లీ నిర్మించి, దాన్నే ప్రచారాంశంగా చేసుకుంది. 2009లో మైక్రోసాఫ్ట్ సెక్యూరిటీ ఎసెన్షియల్స్‌ను ఉచితంగా ఇచ్చింది. 2012లో విండోస్ 8తో యాంటీవైరస్ విండోస్‌లోనే భాగమైపోయింది. అంతకుముందు కంప్యూటర్ షాపులో సీడీ, కీ ఉన్న డబ్బా కొనుక్కొని ఏటా రెన్యూవల్ చేయించుకోవడం మనకు అలవాటు. పుణె నుంచి క్విక్ హీల్, చెన్నై నుంచి కే7 అలాగే ఊరూరా పరిచయమయ్యాయి. ఇప్పుడు వేరేది కొనాలా వద్దా అన్నది ఎవరి అవసరం వారిది. కొంటే డిఫెండర్ దానంతట అదే పక్కకు తప్పుకుంటుంది.

ప్రమాదం కొన్నదాని మీద ఇంకొకటి వేసినప్పుడు వస్తుంది. ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చిన ట్రయల్ ఒకటి, షాపువాళ్లు వేసింది ఒకటి, ఎవరో చెబితే డౌన్‌లోడ్ చేసింది ఇంకొకటి. ఫైల్ దారిలో ఇద్దరు కాపలాదారులు కూర్చుంటారు. ఒకరు తనిఖీకి ఫైల్ తెరిస్తే, అదిగో ఎవరో ఫైల్ తెరిచారని రెండోవారు ఆపుతారు. ఇద్దరున్నందుకు భద్రత రెట్టింపు కాదు, ఆలస్యం మాత్రం రెట్టింపును మించొచ్చు. యాంటీవైరస్ వల్ల ఇంటి సిస్టమ్ హ్యాంగ్ అవుతోందన్న అనుమానం ఉంటే మొట్టమొదట చూడాల్సింది సెట్టింగ్స్‌లో ఇన్‌స్టాల్ అయిన ప్రోగ్రాముల పట్టిక. రెండు కనిపిస్తే ఒకటి పూర్తిగా తీసేయాలి. తీసేశాక కూడా కొన్ని డ్రైవర్లు మిగిలిపోతాయి కాబట్టి, దాన్ని తయారుచేసిన కంపెనీ ఇచ్చే తొలగింపు సాధనం వాడటం మేలు.

దారి మధ్యలో కూర్చునే ఈ డ్రైవర్లు విండోస్ గర్భంలో, కెర్నెల్‌లో నడుస్తాయి. అక్కడ చిన్న పొరపాటు జరిగినా మొత్తం మెషిన్ పడిపోతుంది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే అమెరికా సైబర్ భద్రతా కంపెనీ పంపిన లోపభూయిష్టమైన అప్‌డేట్‌తో 85 లక్షల విండోస్ మెషిన్లు నీలి తెర దగ్గర ఆగిపోయాయి. ఆ రోజు హైదరాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో దేశమంతా తిరిగింది. అది కంపెనీలు వాడే సాఫ్ట్‌వేర్, ఇళ్లలో ఉండేది కాదు. అయినా కాపలాదారుకు ఇంటి తాళాలన్నీ ఇస్తున్నామన్న సంగతి అది అందరికీ చూపించింది. అందుకే ఊరూ పేరూ లేని 'ఫ్రీ యాంటీవైరస్' దించుకోవడం అన్నిటికంటే చెడ్డ పని.

మరి తీసేస్తే? వేగం పెరుగుతుందా? హార్డ్ డిస్క్ సిస్టమ్‌లో మొదటి కొన్ని రోజులు తేడా తెలుస్తుంది, కాదనలేం. ఆ తర్వాత జరిగేది జిరాక్స్ షాపులకు అలవాటున్న ఎవరికైనా తెలుసు. ప్రింట్ కోసం పెన్ డ్రైవ్ ఇచ్చి, ఇంటికి తెచ్చి పెడితే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లై కనిపిస్తాయి. క్లిక్ చేస్తే ఫోల్డర్ తెరుచుకుంటుంది, దాని వెనక వైరస్ కూడా నడిచి సిస్టమ్‌లో దిగుతుంది. ఇంకో దారి క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్. 'ఇన్‌స్టాల్ చేసే ముందు యాంటీవైరస్ ఆపండి' అని దానితో పాటే సూచన వస్తుంది. ఆపి ఇన్‌స్టాల్ చేశాక, సిస్టమ్ ఏమీ చేయకుండా కూర్చున్నప్పుడు కూడా ఫ్యాన్ హోరుమని తిరగడం మొదలైతే, ఎవరికోసమో క్రిప్టో కరెన్సీ తవ్వే మైనర్ లోపల చేరి ఉండొచ్చు. యాంటీవైరస్ స్కాన్ అరగంటలోనో గంటలోనో ముగుస్తుంది. మైనర్ పనికి ముగింపు ఉండదు, కరెంటు బిల్లు మనదే. అలాంటి అనుమానం ఉన్నవాళ్లకు కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2017లో మొదలుపెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం వెబ్‌సైట్‌లో మాల్‌వేర్ తొలగించే సాధనాలు ఉచితంగా దొరుకుతాయి.

నిజంగా యాంటీవైరస్సే అడ్డమా అని తేల్చుకోవాలంటే ఇంట్లోనే కొలవొచ్చు. కొన్ని వందల ఫొటోలున్న ఫోల్డర్‌ను కాపీ చేసి సెకన్లు రాసుకోవాలి. రియల్ టైమ్ ప్రొటెక్షన్ కాసేపు ఆపి, అలాంటిదే మరో ఫోల్డర్‌తో మళ్లీ చూడాలి. అదే ఫోల్డర్‌తో చూస్తే లెక్క తప్పుతుంది, ఎందుకంటే రెండోసారి ఫొటోలు డిస్క్ నుంచి కాకుండా ర్యామ్ నుంచి వస్తాయి. 'యాంటీవైరస్ ఆపితే రాకెట్‌లా నడిచింది' అనే అనుభవాల్లో చాలా వాటి వెనక ఉన్నది ఈ పొరపాటే. కొలిచేటప్పుడు నెట్ తీసేసి, అయ్యాక ప్రొటెక్షన్ తిరిగి ఆన్ చేయడం మరవకూడదు.

ఆదివారం సిస్టమ్‌కు అన్నిటికంటే తేలిక మందు సమయం. పని ఉన్న రోజు కంటే ముందు రోజు ఒక గంట ఆన్ చేసి, నెట్ తగిలించి వదిలేస్తే బాకీ చాలావరకు తీరిపోతుంది. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ కూడా పెట్టి ఉంచాలి. బ్యాటరీ మీద ఉన్నప్పుడు ఈ పనులను విండోస్ వాయిదా వేస్తుంది. ఫలానా ఫోల్డర్‌ను స్కాన్ చేయొద్దని మినహాయింపు ఇచ్చే వీలూ ఉంది. వీడియో ఎడిటింగ్ ఫైళ్లకో, కోడ్ ఫోల్డర్‌కో అది పనికొస్తుంది. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌కు, పెన్ డ్రైవ్‌కు, మొత్తం సీ డ్రైవ్‌కు మాత్రం ఎప్పుడూ ఇవ్వకూడదు. మాల్‌వేర్ దిగేది సరిగ్గా అక్కడే.

హార్డ్ డిస్క్, 4 జీబీల ర్యామ్ ఉన్న సిస్టమ్‌లు ఎక్కువగా నడుస్తున్నది విండోస్ 10 మీద. దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పేరు నమోదు చేసుకున్న ఇంటి కంప్యూటర్లకు భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 వరకు వస్తాయి. డిఫెండర్ నిర్వచనాలు కనీసం 2028 అక్టోబరు దాకా అందుతాయని కంపెనీ చెప్పింది. ఈ పరిస్థితిలో 'విండోస్ పాతదైంది కాబట్టి పెయిడ్ యాంటీవైరస్ వేయించండి' అన్న సలహా వినిపించడం సహజం. అయితే 2017 మే 12న వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే మాల్‌వేర్) విరుచుకుపడ్డప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అది చొరబడిన రంధ్రాన్ని పూడ్చే విండోస్ అప్‌డేట్ అప్పటికి రెండు నెలల ముందే, మార్చి 14న వచ్చి ఉంది. విండోస్ గోడకు పడిన రంధ్రాన్ని గుమ్మంలో నిలబడ్డ కాపలాదారు పూడ్చలేడు. ఇంకో యాంటీవైరస్ మీద పెట్టే డబ్బును ఎస్ఎస్‌డీ మీద, వీలైతే ఇంకో 4 జీబీల ర్యామ్ మీద పెట్టి, ఆ మెషిన్‌కు విండోస్ 11 అర్హత ఉందేమో చూసుకోవడం తెలివైన ఖర్చు. అర్హత లేకపోతే అదే ఎస్ఎస్‌డీ మీద విండోస్ బదులు లినక్స్ మింట్ లాంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకున్నా, హాల్ టికెట్ పనికి, ఉత్తరం టైప్ చేసుకునే పనికి ఆ పాత సిస్టమ్ ఇంకా చాలా కాలం సరిపోతుంది.